వెనక్కి దారి లేని చుట్టరికం

ఆ ఆఫీసులో యజమానిని అందరూ బావగారనే పిలిచేవారు. నిజానికి ఆయన బావ అయ్యేది ఒక్క పిన్నికే. ఆమె అక్కని చేసుకున్నాడు. పిన్ని కూడా నిజానికి పిన్ని అయ్యేది ఆఫీసులో లెక్కలు చూసే బావగారి కూతురికి మాత్రమే. కానీ ఆ పిల్ల పొద్దస్తమానం "పిన్నీ" అంటుంటే, పిన్ని పొద్దస్తమానం "బావగారూ" అంటుంటే, మిగతావాళ్ళ నాలుకలకీ అవే అలవాటైపోయాయి. కొత్తగా చేరినవాళ్ళలో ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా వారం తిరిగేసరికి పిన్నీ అని పిలిచేవారు. వావివరసలు ఇంత కలగాపులగంగా ఉన్న చోట, ఆసుపత్రిలో ఎవరికి ఎవరు ఏమవుతారో రాసి ఉంచే సాఫ్ట్‌వేర్ తయారయిందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. వాళ్ళూ నవ్వుకునేవారు. ఆసుపత్రి సూపరింటెండెంటు ఫోను చేసిన మధ్యాహ్నంతో ఆ నవ్వు ఆగిపోయింది.

సంగతి ఇది. రోడ్డు మీద బండి గుద్దేసిన ఒక టైల్స్ మేస్త్రీ ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో కొన్నాళ్ళు కొట్టుమిట్టాడి చనిపోయాడు. అతను బతికున్నన్నాళ్ళూ అతని భార్య కింద ఎంక్వైరీ కౌంటరుకి వచ్చి అడుగుతూనే ఉంది. అడిగినప్పుడల్లా కౌంటరులో ఉన్న ఆవిడ "మీవాళ్ళెవరూ ఇక్కడ లేరమ్మా" అనే చెప్పింది. ఇప్పుడది పేపరుకెక్కేలా ఉంది. సోమవారం విచారణ. అప్పటిదాకా మేస్త్రీ రికార్డుని ఎవరూ ముట్టుకోకూడదని హుకుం. కౌంటరు ఆవిడ నిర్లక్ష్యమని తేలితే ఉద్యోగం ఊడుతుంది, ఆపైన పోలీసు కేసు.

"ఒకసారి వెళ్ళి చూసిరా అమ్మాయ్," అన్నాడు బావగారు, టీ గ్లాసు కిందపెట్టకుండానే. "ఆవిడ నంబరు తప్పు కొట్టుంటుంది. మన దాంట్లో ఏ లోపమూ లేదని నాలుగు ముక్కలు రాసిచ్చేస్తే మన పని అయిపోతుంది."

పిన్ని వెళ్ళింది. ఆమె కూడా అలాగే అనుకుంటూ వెళ్ళింది.

కౌంటరు అద్దానికి మాట్లాడ్డానికి ఒక గుండ్రటి కంత ఉంది. లోపలివైపొక తెర, బయటివైపొక తెర, పక్కనే పాసులు అచ్చేసే బుల్లి యంత్రం. వచ్చినవాళ్ళు తమ ఫోను నంబరు చెప్పాలి. వాళ్ళ మనిషి లోపల ఉంటే పేరూ అంతస్తూ మంచమూ రెండు తెరల మీదా కనిపిస్తాయి, యంత్రం కీచుమంటూ పాసు ఇస్తుంది. ఆ పాసు లేనిదే మెట్ల దగ్గరి కాపలావాడు ఎవరినీ పైకి వదలడు. రోగి పేరుతో వెతకడానికి కౌంటరుకి అధికారం లేదు. ఎవడు పడితే వాడు వచ్చి పరాయివాళ్ళ జబ్బుల కూపీ లాగకుండా ఆసుపత్రి పెట్టుకున్న నియమం అది. నియమంలో తప్పేమీ లేదు.

కౌంటరు ఆవిడ చెప్పడం మొదలుపెట్టేముందు రెండు చేతులూ బల్లమీద పరిచి పెట్టుకుంది.

"నేను తప్పు కొట్టలేదు మేడమ్. మొదటిసారి కొడితే ఎవరూ లేరని వచ్చింది. మళ్ళీ వచ్చింది ఆవిడ. ఈసారి ఒక్కో అంకే ఆవిడ చేత చెప్పించుకుని కొట్టాను. అదే మాట. రోడ్డు మీద పళ్ళకొట్టు అతను ఈ ఆసుపత్రికే తీసుకెళ్ళారని చెప్పాడమ్మా అంటుంది ఆవిడ. తెరేమో లేడంటుంది. ఎదురుగా ఏడుస్తున్న మనిషిని కాదని నేను తెరని నమ్మాను."

"పైవాళ్ళు ఇంటికి ఫోను చెయ్యలేదా?"

"చేశారట. ఇంటికంతటికీ ఒకటే ఫోను మేడమ్. అది మేస్త్రీ జేబులోనే ఉంది, అతనితోపాటే చితికిపోయింది. ఇదివరకు మోకాళ్ళ నొప్పులకని వచ్చినప్పుడు ఇక్కడ రికార్డు రాశారు, భార్య పేరు పక్కన ఆ నంబరే ఇచ్చారు. అప్పుడిచ్చిన కార్డు జేబులో ఉండబట్టి మనిషెవరో తెలిసింది. పాత అడ్రసుకి మనిషిని పంపితే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారన్నారు. ఆయన్నే అడుగుదామంటే నోట్లో గొట్టం. మాటెక్కడిది?"

"మరి ఆవిడకి చివరికి ఎలా తెలిసింది?"

కౌంటరు ఆవిడ బల్లమీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"రోడ్డు మీంచి ఎత్తుకొచ్చింది ఒక వ్యాను డ్రైవరు. అతను రోజూ పని అయ్యాక వచ్చేవాడు. అతని నంబరు కొడితే పాసు వచ్చేది. దిక్కులేని మనిషి పాపం అని పక్కన కూర్చునేవాడు. చెయ్యి పట్టుకుంటే గట్టిగా నొక్కుతున్నాడండీ, ఏదో చెప్పాలనుకుంటున్నాడండీ అనేవాడు నాతో. పోయాడని కబురు పెడితే వచ్చి క్యూలో నిలబడ్డాడు. అతని ముందు ఆవిడ ఉంది. పోలీసులకిద్దామని ఆరోజు మొగుడి ఫొటో పట్టుకొచ్చింది. అతను వెనకనించి ఆ ఫొటో చూశాడు మేడమ్."

పిన్ని భార్య నంబరు తనే స్వయంగా కొట్టింది. ఈ నంబరుకు సంబంధించిన రోగులు ఎవరూ లేరు, అని వచ్చింది. తరవాత డ్రైవరు నంబరు కొట్టింది. మేస్త్రీ పేరు వచ్చింది, రెండో అంతస్తు, ఆరో మంచం, ఉన్నారు. రికార్డు ముట్టుకోవద్దన్నారు కాబట్టి చనిపోయిన మనిషిని ఇంకా మంచం మీదే ఉన్నట్టు చూపిస్తోంది. యంత్రం కీచుమని పాసు అచ్చేసింది. ఇది వేళ్ళు తడబడ్డ తప్పు కాదు.

"నా మీదే పెడతారు కదా మేడమ్?" అంది కౌంటరు ఆవిడ. "రేపట్నించి కొత్తమ్మాయికి పని నేర్పమన్నారు."

పిన్ని ఆ పాసుని చించి, ముక్కలు చెత్తబుట్టలో వెయ్యకుండా చేతిసంచిలో వేసుకుని వచ్చేసింది.

ఆఫీసుకి రాగానే ప్రోగ్రాములో సంబంధాలు రాసిన భాగం తెరిచింది. చూడక్కర్లేకుండానే ఏముంటుందో ఆమెకి సగం తెలుసు.

మొదట్లో రోగి రికార్డులో ఒకే ఒక్క సంబంధం ఉండేది: సొంతమనిషి. రోగి నుంచి సొంతమనిషికి ఒక దారి ఉంటే, సొంతమనిషి నుంచి రోగికి వెనక్కి ఒక దారి ఉంటుంది. ఆ వెనక్కి వచ్చే దారిని, సాఫ్ట్‌వేర్‌కి పునాదిగా వాడే వెబ్ ఫ్రేమ్‌వర్క్ తనంతట తనే వేసి, దానికో పేరు కూడా తనే పెట్టుకుంటుంది. కౌంటరు మొత్తం ఆ దారి మీదే నడుస్తుంది. తరవాత, ప్రమాదం కేసుల్లో పోలీసులు అడుగుతున్నారని, ఆసుపత్రివాళ్ళు రెండో సంబంధం చేర్చమన్నారు: తీసుకొచ్చినవారు. ఈ రెండు సంబంధాలూ వెళ్ళి కలిసేది ఒకే మనుషుల పట్టికలో. రెండింటి వెనకదారులకీ ఫ్రేమ్‌వర్క్ పెట్టే పేరు కూడా ఒకటే. రెండు వీధులకి ఒకే పేరు పెడితే ఏ పోస్టుమాన్ ఊరుకుంటాడు? ఫ్రేమ్‌వర్కూ ఊరుకోదు. తప్పుందని ఎర్రక్షరాలు కక్కి, నేను నడవనని మొండికేస్తుంది.

మందు చిన్నదే. రెండు దారులకీ చెరో పేరు పెట్టి, పాత పేరు వాడిన చోటల్లా వెతికి మార్చాలి. వెతకడానికి ఒక పూట పడుతుంది, అంతే. కానీ బావగారి దగ్గర అంతకన్నా చిన్న మందు ఉంది. పేరు పెట్టాల్సిన చోట ఒక ప్లస్ గుర్తు పెడతాడు. ఈ సంబంధానికి వెనక్కి దారి అక్కర్లేదు అని దాని అర్థం. పేర్ల తగువు తీరిపోతుంది, ఎరుపు మాయమవుతుంది. "ఎరుపు పోయిందా, ఇంటికి పోయామా" అనేవాడు. ఆఫీసులో అందరికీ ఆ కిటుకు నేర్పింది ఆయనే. పిన్నికి కూడా.

ఆ ప్లస్ అక్కడ ఉంది. కొత్త సంబంధానికి పెట్టినా సరిపోయేది. ఎర్రక్షరాల్లో పైన కనబడిన పేరు సొంతమనిషిది. ఆయన దానికే పెట్టేశాడు. దాంతో పాత పేరు వెళ్ళి తీసుకొచ్చినవారి దారికి అంటుకుంది. కౌంటరు ఎప్పటిలాగే ఆ పేరునే పిలుస్తూ వచ్చింది. ఏ పేజీ పాడవలేదు, ఏదీ ఆగలేదు. అదే కొంప ముంచింది. పాడై ఉంటే ఆరోజే తెలిసేది.

ఇన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం కూడా అంత దిక్కుమాలినదే. పెళ్ళాన్ని మొగుడు తీసుకొస్తాడు, తండ్రిని కొడుకు తీసుకొస్తాడు. తెచ్చినవాడూ సొంతమనిషీ ఒకరే అయినప్పుడు ఏ దారిన వెళ్ళినా రోగి దగ్గరికే చేరతారు. తప్పు బయటపడాలంటే రోడ్డు మీద పడ్డవాణ్ణి పరాయివాడు ఎత్తుకురావాలి. అలా ఎత్తుకొచ్చినవాడికి దారి దొరికింది. కట్టుకున్నదానికి దొరకలేదు.

పిన్ని బావగారిని పిలిచి చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, వంగి, చాలాసేపు ఆ ఒక్క గుర్తునే చూశాడు.

"నేనే పెట్టాను," అన్నాడు. "ఏదో తొందరలో ఉన్నాను. ఏం తొందరో కూడా గుర్తులేదు."

"ఇప్పుడే మార్చేస్తాను బావగారూ."

"ముట్టుకోకు." ఆ మాట ఆయన గొంతులోంచి ఎంత గట్టిగా వచ్చిందంటే ఆయనే అటూ ఇటూ చూసి తగ్గించాడు. "సోమవారం దాకా ఆగు. ఇప్పుడు మారిస్తే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది. విచారణ అయిపోనీ, ఆ తరవాత మెల్లిగా సర్దుదాం."

"ఈలోగా ఇంకెవరైనా వచ్చి అడిగితే?"

"రోజూ రోడ్డు మీద పడిపోతారా జనం?"

"పడిపోతారు బావగారూ. అందుకే కదా పోలీసులు ఆ రెండోది పెట్టించింది."

పెళ్ళైన కొత్తలో మరదలికి లెక్కలు చెబుతూ, ఆమె తప్పు చేస్తే మొట్టికాయ వేసిన మనిషి. ఇప్పుడు అదే మరదలి ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"ఆ కౌంటరు ఆవిడ సంగతేంటి? ఏమీ చెయ్యనిదానికి జైలా?"

"జైలు దాకా పోదులే. ఆవిడకి ఇంకో ఉద్యోగం నేను చూసిపెడతాను. మనకి ఇంకో ఆసుపత్రిని ఎవరు చూసిపెడతారు? ఉన్నది అదొక్కటే. ఈ పదిమందీ ఏమైపోతారు? మీ అక్క ఏమైపోతుంది? నువ్వేమైపోతావు?"

చివరి మాట అనకుండా ఉండాల్సింది. కానీ అందులో అబద్ధం కూడా లేదు. భర్త పోయి పిన్ని గోడకి చేరగిలబడి కూర్చున్న రోజుల్లో, బంధువులు తలా ఒక సలహా పారేసి వెళ్ళిపోతే, బావగారు ఒక పాత కంప్యూటరు మోసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. ఒక్కో అక్షరం పక్కన కూర్చుని నేర్పాడు. మేడ మీద గది ఇచ్చాడు, అద్దె మాట ఇంతవరకూ ఎత్తలేదు. ఆమె తింటున్న ఉప్పు ఆయనది. ఈ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. అందుకే అది మరీ బరువు.

సాయంత్రం అక్క మేడ మీదికి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

"మీ బావ ముద్ద ముట్టలేదే. అంతా చెప్పారు నాకు. ఆ నాలుగు ముక్కలూ రాసిచ్చెయ్యవే. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు."

"రాడు."

"మరి ఇంకెందుకే ఈ పంతం?"

పిన్ని చాలాసేపు గోడకున్న భర్త ఫొటోకేసి చూసింది. చెప్పకూడదనుకున్నది చెప్పేసింది.

"ఆయన పోయేటప్పుడు నేను పక్కనే ఉన్నానక్కా. చెయ్యి చల్లబడేదాకా నా చేతిలోనే ఉంది. తరవాత ఎన్ని రాత్రులు ఏడ్చినా, ఆ ఒక్కటి తలుచుకుని నిద్రపోయేదాన్ని. ఆ మేస్త్రీ కూడా చెయ్యి నొక్కాడట. డ్రైవరు చెయ్యి. ఆవిడ అదే సమయానికి కింద మెట్ల దగ్గర నిలబడి ఉంది. పైకి వెళ్ళనివ్వలేదు. మనం వెళ్ళనివ్వలేదు."

అక్క వెళ్ళబోతూ మెట్ల దగ్గర ఆగి, "మొగుణ్ణి వదులుకోమంటున్నావా నన్ను," అని గొణిగింది.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందే, పిన్ని ఆఫీసు తలుపు తీసింది. ప్లస్ తీసేసి సొంతమనిషి దారికి ఒక పేరు పెట్టింది, తీసుకొచ్చినవారి దారికి ఇంకో పేరు పెట్టింది. తరవాత పాత పేరు ఎక్కడెక్కడ ఉందో ఒక్కో పేజీలో వెతికింది. కౌంటరులో ఉంది, పాసులు ఇచ్చే చోట ఉంది, ఎవరూ వాడని ఒక మూల రిపోర్టులో కూడా ఉంది. కౌంటరుకి సొంతమనిషి దారినే కలిపింది. ఎర్రక్షరాలు వచ్చాయి, సరిదిద్దింది, మళ్ళీ వచ్చాయి, మళ్ళీ సరిదిద్దింది. ఈసారి వాటిని చూస్తే విసుగు రాలేదు. తప్పుని తప్పని చెప్పేవి ఆ ఆఫీసులో అవే మిగిలాయనిపించింది. అన్నీ సరిచూసుకుని, ఆసుపత్రి యంత్రాల మీదికి ఎక్కించి, బయల్దేరింది. సూపరింటెండెంటుకి నోటితోనే చెబుదామనుకుంది. రాసివ్వడానికి కూర్చుంటే ఎక్కడ మనసు మారుతుందోనని భయం.

ఆమె ఆసుపత్రి మెట్లెక్కుతుండగా వెనక స్కూటరు ఆగింది. బావగారు చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని ఉన్నాడు.

"మార్చేశావా?"

"మార్చేశాను."

"చెప్పేశావా?"

"చెప్పడానికే వెళ్తున్నాను."

"అమ్మాయ్, ఒక్క మాట విను," అంటూ ఆయన వెంటపడ్డాడు. ఆ ఒక్క మాట ఏమిటో చెప్పకుండానే ఇద్దరూ కౌంటరు దగ్గరికి చేరిపోయారు.

సూపరింటెండెంటు అక్కడే ఉన్నాడు. కొత్తమ్మాయికి పని అప్పగించడం సరిగ్గా జరుగుతోందో లేదో చూడ్డానికి వచ్చాడు. కౌంటరు ఆవిడ కుర్చీలో కూర్చుని, కొత్తమ్మాయిని పక్కన నిలబెట్టుకుని చూపిస్తోంది. కంత ముందు నాలుగైదుగురు నిలబడ్డారు. అందరికన్నా ముందు, సన్నగా, వెలిసిపోయిన చీరలో ఒకావిడ. చూపుడువేలికి సూది గుచ్చుకున్న మచ్చలు.

"చనిపోయినట్టు కాయితం కావాలంటే ముందు ఇక్కడ నంబరు చెప్పమన్నారమ్మా," అంది ఆవిడ.

ఆవిడెవరో పిన్నికి చెప్పక్కర్లేకపోయింది. కౌంటరు ఆవిడ మొహం చూస్తేనే తెలిసింది. "ఆగండి!" అని పిన్ని అద్దం దగ్గరికి ఒక అడుగు వేసింది. కానీ ఆ నంబరు కౌంటరు ఆవిడ వేళ్ళకి కంఠతా వచ్చేసింది. ఆవిడ చెప్పకముందే కొట్టేసింది.

రెండు తెరలూ ఒకేసారి వెలిగాయి. మేస్త్రీ పేరు. సొంతమనిషి: భార్య. రెండో అంతస్తు, ఆరో మంచం. ఉన్నారు. బుల్లి యంత్రం కీచుమని పాసు అచ్చేసింది.

ఆవిడ బయటి తెర మీది అక్షరాల్ని కూడబలుక్కుంటూ చదువుకుంది. ఏడవలేదు, అరవలేదు.

"ఇక్కడే ఉన్నాడని చెప్పాను కదమ్మా," అంది.

కౌంటరు ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది. సూపరింటెండెంటు తెరనీ మనుషుల్నీ మార్చి మార్చి చూశాడు. "నిన్నటిదాకా రానిది ఇవాళ ఎలా వచ్చింది?" అన్నాడు.

"పొద్దున నేను సరిచేశాను కాబట్టి వచ్చింది," అంది పిన్ని. "కౌంటరులో ఈవిడ ప్రతిసారీ సరిగ్గానే కొట్టింది. తప్పు మాది. సొంతవాళ్ళ దారి మూసేసింది మేమే."

సూపరింటెండెంటు బావగారికేసి తిరిగాడు. ఏ మాటకైనా ఒక చమత్కారం జేబులో ఉంచుకునే బావగారికి ఆ పూట జేబులు ఖాళీ. మేస్త్రీ భార్య చేతులకేసి చూస్తూ తల ఊపాడు. "నేనే," అన్నాడు. ఆ మాట మొదటిసారి సరిగ్గా వినబడలేదు. రెండోసారి అనాల్సొచ్చింది.

వాళ్ళలో ఎవరు ఎవరో, ఎవరి తప్పేమిటో ఆవిడకి పట్టినట్టు లేదు. అద్దం కింద సందులోంచి వేళ్ళు పెట్టి పాసు లాక్కుంది. అందులో మొగుడి పేరు చూసుకుని, మడతపెట్టకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"ఇది ఉంటే పైకి వెళ్ళనిస్తారా?" అని అడిగింది.

పైన ఆరో మంచం మీద ఇప్పుడు ఇంకెవరో ఉన్నారని ఎవరూ చెప్పలేకపోయారు. ఆవిడ జవాబు కోసం కాసేపు చూసి, మెట్లకేసి నడిచింది. కాపలావాడు పాసు అందుకుని, పేరూ అంతస్తూ మంచమూ చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పక్కకి జరిగి దారి ఇచ్చాడు.